కాలి కింద గాలి

మాది విజయవాడ, పటమట. స్కూటరెక్కితే అయిదు నిమిషాల్లో ఆటోనగర్. లారీ ఛాసిస్ మొదలుకుని హారన్ బుడ్డి దాకా అక్కడ విప్పలేనిది లేదు, బిగించలేనిది లేదు. అలాంటి చోట కాపురముంటూ కారు బ్రేకులు ఇంటి వాకిట్లో విప్పుకోవడమంటే కృష్ణ ఒడ్డున కూర్చుని బావి తవ్వుకోవడమే. తవ్వాను.

పదమూడేళ్ల కారు. కొంతకాలంగా ఎడమ ముందు చక్రం దగ్గర కమురు కంపు. బజారుకెళ్లి వచ్చి ఆ చక్రం పక్కన అరచెయ్యి పెడితే, అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా సెగ. తొక్కితే పట్టుకుంటోంది గాని, కాలు తీసేశాక వదలడం లేదన్నమాట. పెళ్లిళ్లలో చెయ్యి పట్టుకుని మాట్లాడే కొందరు బంధువులకు ఈ గుణం ఉంటుంది.

మేస్త్రికి అప్పగించి పేపరు చదువుకుంటూ కూర్చోవచ్చు. కానీ నేను ఇంటర్ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఫిజిక్సు చెబుతున్నవాణ్ణి. ప్రవాహుల పాఠంలో పాస్కల్ నియమం, దాని కింద హైడ్రాలిక్ బ్రేకులు. నాలుగు మార్కుల ప్రశ్న. పెడలు, సన్నటి సిలిండరు, గొట్టం, లావుపాటి సిలిండరు అంటూ బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో. గీసినవాటిలో ఒక్కదాన్నీ ఇన్నేళ్లలో చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. యాభై దాటాక మనిషికి ఇలాంటి సిగ్గులు మొదలవుతాయి.

దానికి తోడు అమ్మ మొక్కు. నాలుగేళ్లుగా తిరుపతి వెళ్దామంటోంది, అదీ బస్సులో కాదు, మన కారులో. తిరుమల కొండకి 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. ఎక్కేటప్పుడు కారుకి ఇంజన్ కావాలి, దిగేటప్పుడు బ్రేకు కావాలి. కొండ దిగుతూ మలుపు మలుపుకీ తొక్కుతుంటే చక్రాల దగ్గర పుట్టే వేడి బ్రేక్ ఆయిల్ దాకా పాకుతుంది. మనం ఆయిల్ అంటాం గాని అది నూనె కాదు. నూనె పోస్తే లోపలి రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వానాకాలం ఉప్పు జాడీలా అది గాలిలోని తేమని లాక్కుంటూ ఉంటుంది. డాట్ 3 అనే రకం సీసా విప్పినప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. నాలుగు శాతానికి కాస్త తక్కువగా నీరు పట్టిందా, 140కే మరగడానికి అవకాశముంది. మరిగితే ఆవిరి. ఆవిరి పుట్టిన గొట్టంలో పెడలు తొక్కితే కాలు నేలకి తగులుతుంది, కారు ఆగదు. మా కారులో ఆయిల్ ఎన్నాళ్ల కిందట మార్చామో ఎవరికీ గుర్తు లేదు. డబ్బా మూత తీసి చూస్తే కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

అలా ఒక ఆదివారం పొద్దున్న వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, ముందువైపు జాకీతో ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు తీసి, వాటిని పట్టి ఆపే రెండు కాలిపర్లూ విప్పేశాను. విప్పడంలో కష్టమేమీ లేదు. లోకంలో ఏది విప్పడమూ కష్టం కాదు.

కాలిపర్ లోపల నాకు బాగా నచ్చినది ఒక రబ్బరు ఉంగరం. పిస్టన్ చుట్టూ బిగుతుగా ఉంటుంది. గుండ్రటి వళ్లు కాదు, కోసి చూస్తే నలుచదరం. పెడలు తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాన్ని పట్టుకున్న ఈ రబ్బరు కూడా కొంచెం మెలితిరుగుతుంది. కాలు తీయగానే మెలిక సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడంలోనే పిస్టన్‌ని వెంట్రుక వాసంత వెనక్కి లాగుతుంది. బ్రేకు వదిలిందంటే ఇదే. దాన్ని వెనక్కి లాగడానికి స్ప్రింగంటూ వేరే లేదు. టన్నుకి దగ్గర బరువున్న కారుని పట్టినవాడు వదిలేది ఈ గాజంత రబ్బరు తన మొదటి రూపాన్ని గుర్తుపెట్టుకోవడం వల్ల. మాది పదమూడేళ్లు వేడి తిని, గట్టిపడి, ఆ జ్ఞాపకం పోగొట్టుకుంది. పిస్టన్ మీద తుప్పు చుక్కలు కూడా ఉన్నాయి. కొత్త సీల్ కిట్లు, కొత్త పిస్టన్లు, గొట్టం బిగించే చోటికి నాలుగు రాగి వాషర్లు ముందే తెచ్చిపెట్టుకున్నాను. కడిగాను, మార్చాను, బిగించాను. భోజనాల వేళకి రెండు కాలిపర్లూ బొమ్మల్లా కూర్చున్నాయి. కొంచెం ఆయిల్ బంపర్ మీద పడితే పరిగెత్తుకెళ్లి నీళ్లు పోశాను, లేకపోతే రంగు లేచిపోతుంది. అప్పటికి నా గురించి నాకు మంచి అభిప్రాయమే ఉంది.

ఇక మిగిలింది ఎయిర్ తీయడం. గొట్టం విప్పితే ఆయిల్ కారిపోతుంది, కారిన చోటికి గాలి దూరుతుంది. ఆ గాలిని తరిమేదాకా బ్రేకు బ్రేకు కాదు. కాలిపర్‌కి బ్లీడర్ నిపిల్ అని చిన్న ముక్కు ఉంటుంది. దానికి సన్నగొట్టం తొడిగి, రెండో కొస కాస్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడలు నాలుగుసార్లు కొట్టి నొక్కిపట్టాలి. ఒకరు చక్రం దగ్గర నిపిల్ వదులు చెయ్యాలి. గాలితో పాటు ఆయిల్ బుడబుడమని వస్తుంది. నిపిల్ బిగించాకే పెడలు మీంచి కాలు తీయాలి. ముందు తీస్తే బయటి గాలిని అదే లోపలికి పీల్చుకుంటుంది. మధ్యమధ్య బానెట్ దగ్గరికెళ్లి డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండాలి.

అంటే ఇద్దరు మనుషుల పని. మా ఆవిడ పుట్టింటికెళ్లింది, మా వాడు బెంగళూరులో ఉన్నాడు. మిగిలింది అమ్మ. డెబ్భై నాలుగేళ్లు. జీవితంలో స్టీరింగు వెనక కూర్చోలేదు.

"నా వల్ల కాదురా, ఎటో పోతుంది బండి," అంది.

"చక్రాలే లేవమ్మా, ఎటు పోతుంది?"

చెప్పులు విడిచి ఎక్కింది. స్టీరింగు ముట్టుకుని కళ్లకద్దుకుంది. దసరాకి ఆయుధపూజలో తప్ప దాని దగ్గరికి వెళ్లింది లేదు మరి. కాలు పెడలు మీద ఆనేలా సీటు ముందుకి జరిపాను. పాత మాస్టర్ సిలిండర్‌లో, అంటే నేను బోర్డు మీద గీసే సన్నటి సిలిండర్‌లో, పెడలు ఎప్పుడూ వెళ్లనంత లోతుకి తొక్కితే లోపలి రబ్బరు గీసుకుపోయే ప్రమాదముంది. అందుకని పెడలు కింద చెక్కముక్క ఒకటి పెట్టాను. అది ఒకప్పటి మా పీట కాలు.

"ఎంత గట్టిగా తొక్కాలి?"

"పంపు స్టవ్వు కొట్టినట్టే అమ్మా. కాకపోతే కాలితో."

ఆ మాట అన్నాక ఇక ఆవిడకి ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది. పాతికేళ్లు పంపు స్టవ్వు మీద వండిన మనిషి. పంపు కొడుతుంటే చేతికి ఎక్కడ ఎదురొస్తుందో, ఎదురు రాకపోతే తోలు వాషరు ఎండిందని ఎలా తెలుస్తుందో, దానికి రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తే మళ్లీ ఎలా పట్టుకుంటుందో, ఇవన్నీ ఆ చేతికి తెలుసు. కార్లకి హైడ్రాలిక్ బ్రేకులు పెట్టిన తొలిరోజుల్లో వాటిలోనూ తోలు సీళ్లే ఉండేవి. మాల్కమ్ లాక్‌హీడ్ అనే అమెరికావాడు 1917లో ఆ బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ అది వచ్చింది. తోలు కారుతోందని క్రైస్లర్ ఇంజనీర్లు తరవాత రబ్బరు పెట్టారు. పక్కన మా అమ్మ ఉండుంటే కొబ్బరినూనె రాయమనేదేమో.

"కొట్టు."

"ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ."

"పట్టుకో."

"పట్టుకున్నా."

నిపిల్ తిప్పుతాను. బుడగలు. బిగిస్తాను. "వదులు." "వదిలా."

నేను చక్రం దగ్గర నేల మీద, అమ్మ పైన సీట్లో. ఒకరికొకరం కనబడం. మాటే ఆధారం. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట పూర్తికాకుండా ఇంకొకరు అందుకుంటాం, టీవీ మోగుతుంటుంది, ఫోను మోగుతుంటుంది. ఇక్కడ మాత్రం నేనన్న మాట ఆవిడ చేరి, ఆవిడ తిరిగి చెప్పేదాకా చెయ్యి కదపడానికి లేదు. ఒక్కసారే తప్పింది. వీధిలోకి తోటకూర బండి వచ్చింది. "కట్ట ఎంత?" అనడానికి అమ్మ తల బయటికి పెట్టింది, తలతో పాటు కాలూ వచ్చేసింది. గొట్టంలో ఆయిల్ సర్రున వెనక్కి పోయింది. మళ్లీ మొదటికి.

పది, పదిహేను, ఇరవై విడతలయ్యాయి. గొట్టంలోకి ఇప్పుడు బుడగన్నది రావడం లేదు. తేనె రంగు ఆయిల్, నిశ్చలంగా. అటు చక్రానికీ అంతే. విజయం అనుకున్నాను.

"గట్టిపడిందా?"

"లేదురా. దూది మీద తొక్కినట్టే ఉంది."

"బుడగలు ఆగిపోయాయి అమ్మా."

"నీకాగాయేమో, నా కాలికి ఆగలేదు."

దిగమని నేనెక్కి తొక్కాను. నిజమే. కాలు హాయిగా, మెత్తగా, అభ్యంతరమే లేకుండా కిందికి పోయింది. మళ్లీ అరలీటరు సీసా విప్పాను. మళ్లీ ఇరవై విడతలు. కాలిపర్ని చెక్కతో టకటకా కొట్టాను, సెలైన్ గొట్టంలో బుడగ కనబడితే నర్సమ్మ వేలితో కొట్టినట్టు. గొట్టంలో మచ్చలేదు. పెడల్లో మార్పులేదు. ఎదురింటి తాతగారు గేటు దాకా వచ్చి, "ఆటోనగర్ పక్కనేగా మాస్టారూ," అని ఒక్కమాట అని వెళ్లిపోయారు.

టీ పెట్టుకొచ్చి ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. నా మనసు పాస్కల్ మీదికి పోయింది. ద్రవాల గురించి ఆయన రాసిన పుస్తకం ఆయన పోయిన మరుసటేడు, 1663లో అచ్చయింది. ఆయన బతికింది ముప్ఫై తొమ్మిదేళ్లే. ఆ పుస్తకంలో ఆయన చెప్పిన సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. నీళ్లు నిండిన పాత్రకి రెండు నోళ్లు, ఒకటి రెండోదానికి వందరెట్లు పెద్దది. చిన్ననోటి దగ్గర పిస్టన్ నెట్టే ఒక్కడు, పెద్దనోటి దగ్గర నెట్టే వందమందికి సమవుజ్జీ. ఇక్కడ వేసిన ఒత్తిడి ఏమీ తరగకుండా అన్ని మూలలకీ చేరుతుంది. తరగకుండా. ఆ మాట కింద నేను బోర్డు మీద రెండు గీతలు గీసేవాణ్ణి. కాలి కదలిక కూడా దారిలో ఖర్చవదు, ఎందుకంటే ద్రవం నలగదు. బ్రేక్ ఆయిల్ మీద వంద అట్మాస్ఫియర్ల ఒత్తిడి వేసినా నూటికి ఒకపాలు కూడా కుంచించుకోదు. అదే ఒత్తిడికి గాలి నూరోవంతుకి నలిగి కూర్చుంటుంది. మధ్యలో బఠాణీ గింజంత బుడగ ఉన్నా, కాలు వేసిన తొక్కుడు ముందు దాన్ని నలపడానికే ఖర్చయిపోతుంది. చక్రానికి కబురే అందదు.

మెత్తదనం గురించి మనవాళ్లది మొదటినించీ రెండు నాలుకల ధోరణి. మెత్తని మనిషి అని మెచ్చుకుంటారు, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అనీ అంటారు. మెత్తని పెడలు మీద కూర్చున్నాక నాకు మూడోది ఒకటి తోచింది. నాలుగేళ్లుగా అమ్మ తిరుపతి అన్నప్పుడల్లా నేనేమన్నాను? సరే అన్నాను. పరీక్షలవనీ, సరే. ఎండలు తగ్గనీ, సరే. వచ్చే నెల, సరేనమ్మా. ఒక్కసారీ కాదనలేదు. ఆవిడ నొక్కింది, నేను లోపలికి పోయాను, అంతే. చక్రం దగ్గర ఏదీ కదల్లేదు. ఒక్కసారి "కుదరదు, నాకు భయం, ఆ కొండ దిగడం నా వల్ల కాదు" అని ఎదురు చెప్పి ఉంటే ఆవిడ కాలికి ఏదో తగిలేది. దానితో దెబ్బలాడేది, బస్సెక్కి వెళ్లి వచ్చేది. పట్టేబ్రేకు కాలికి ఎదురు తిరుగుతుంది. పట్టనిబ్రేకే మర్యాదగా ఉంటుంది. మా ఇంట్లో మంచి కొడుకని నాకున్న పేరంతా ఈ మర్యాద వల్ల వచ్చిందేనని టీ చల్లారేలోగా అర్థమయింది. అమ్మతో అనలేదు. అంటే "సరేలే" అనేది.

అమ్మ మాత్రం కారు వంకే చూస్తోంది. "మన ఊళ్లో బోరింగుకి గాలి పడితే ఏం చేసేవాళ్లంరా?"

"పైనుంచి చెంబెడు నీళ్లు పోసి కొట్టేవాళ్లం."

"పైనుంచే ఎందుకు?"

"గాలి పైకి పోతుంది కాబట్టి..."

"మరి నువ్వు ఆ చక్రం కింద పడుకుని, కిందనించి తీస్తున్నావేంటి గాలి?"

వెళ్లి చూశాను. నిపిల్ కాలిపర్‌కి అడుగున ఉంది. రెండోవైపు చూశాను. అక్కడా అడుగునే. కుడిదీ ఎడమదీ కాలిపర్లు కవలపిల్లల్లా ఉంటాయి, ఏది ఎటైనా చక్కగా పట్టేస్తుంది. తేడా ఒక్క నిపిల్ దగ్గరే. సరైన వైపున ఉంటే అది పైకి ఉంటుంది, మారిస్తే కిందికి. కడిగి పక్కపక్కన ఆరబెట్టి, బిగించేటప్పుడు కుడి ఎడమలు మార్చేశాను. ఇక నేను రోజంతా తీసినా వచ్చేది అడుగునున్న స్వచ్ఛమైన ఆయిలే. గాలి దర్జాగా పైన అటకెక్కి కూర్చుంది. గొట్టంలో బుడగల్లేవని సంబరపడింది అందుకే. తేలేవస్తువుల పాఠమూ నేనే చెబుతాను, అదీ అదే సంవత్సరంలో.

రాగి వాషర్లు ఒకసారి నలిగితే మళ్లీ వాడకూడదు. ఆదివారమైనా తెరిచి ఉన్న కొట్టు వెతుక్కుంటూ ఆటోనగర్ వెళ్లక తప్పింది కాదు. కొట్టతను గుర్తుపట్టాడు. "నిన్నేగా నాలుగు పట్టుకెళ్లారు మాస్టారూ?" అన్నాడు. "ఇంకో నాలుగు," అన్నాను. ఏమీ అడగలేదు. కాగితంలో చుట్టి ఇస్తూ, "కుడి ఎడమ చూసుకోండి," అన్నాడు. ఆ కాగితం ఇంకా నా టేబులు సొరుగులో ఉంది.

సాయంత్రం వెలుతురు ఉండగానే మార్చి బిగించాను. అమ్మ మళ్లీ ఎక్కింది, ఈసారి స్టీరింగుకి దణ్ణం పెట్టకుండానే. నిపిల్ ఇప్పుడు నా కళ్లెదురుగా, పైన. మొదటి విడతకే గొట్టంలోంచి ఒక పెద్ద బుడగ, వేలికొసంత, తాపీగా జరుగుతూ సీసాలోకి వెళ్లి గుడుక్కున పేలింది. దాని వెనక చిన్నవి, ఆవగింజల్లా. ఆరోసారో ఏడోసారో, నేను "పట్టుకో" అనకముందే, పైనుంచి అమ్మ కేకేసింది.

"ఒరేయ్, ఎదురొచ్చింది!"

ఆ గొంతులో ఉన్న సంతోషం నా పదో తరగతి ఫలితాలప్పుడు కూడా విన్నట్టు గుర్తు లేదు. రెండో చక్రమూ అయ్యాక డబ్బా గీత దాకా నింపి, మూత బిగించి, చక్రాలు తొడిగాను. నేనెక్కి తొక్కితే పెడలు రెండు వేళ్ల లోతున ఆగిపోయింది. గోడకి కాలు ఆనించినట్టు. ఇంజన్ వేసి వీధిలో నడక వేగంతో అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి చూశాను. ఆపినచోట ఆగింది. దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టాను, చల్లగానే ఉంది.

నా మీద నాకంత నమ్మకం లేదు గనక మర్నాడు ఆటోనగర్ మేస్త్రికి చూపించాను. ఆయన సీట్లో పూర్తిగా కూర్చోలేదు కూడా. బయటే నిలబడి ఒక కాలు లోపల పెట్టి రెండుసార్లు తొక్కాడు. వెనక డ్రమ్ములు కూడా చూశాడు, నాలుగు చక్రాలకీ పాత ఆయిల్ తోడి కొత్తది నింపుతానన్నాడు. నింపుతూ అడిగాడు.

"ముందువైపు ఎయిర్ ఎవరు తీశారు సార్? బాగా తీశారు."

"మా అమ్మ."

నవ్వాడు. పరాచికమనుకున్నాడు.

వచ్చే నెల అనలేదు. ఆ పై వారమే వెళ్లాం. దర్శనం అయింది, మొక్కు తీరింది, లడ్డూలు వెనక సీట్లో ఉన్నాయి. ఘాట్ రోడ్డు మీద చెప్పిన సమయం కంటే ముందు తొందరపడి దిగితే జరిమానా వేస్తారు. నాకా బెడద లేదు. రెండో గేరులో పెట్టి ఇంజన్ పట్టుమీదే దింపుతూ, మలుపుల దగ్గరే బ్రేకు వాడుతున్నాను. ముందు బస్సు, ఎడమపక్కన అడవి, కింద ఎక్కడో ఎండలో మెరుస్తూ తిరుపతి ఊరు. అమ్మ నా పక్కసీట్లో నిటారుగా కూర్చుంది. చెప్పులు విడిచేసింది. మలుపు దూరాన కనబడగానే ఆవిడ కుడికాలు ముందున్న మ్యాటు మీద గట్టిగా ఆనుతోంది, నా కాలి కంటే ఒక్క క్షణం ముందు. మలుపు తిరిగాక నెమ్మదిగా లేస్తోంది. మళ్లీ మలుపు, మళ్లీ కాలు. చూడనట్టే ఉన్నాను. బాగా వంపు తిరిగిన చోట బస్సు ఉన్నట్టుండి ఆగింది. తొక్కాను. కారు నిలబడింది.

"పట్టుకున్నా," అంది అమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.